మన ఆట కావాలి, మన మాట వద్దా?

పోయిన ఏడాది మాకొక ఫోన్ వచ్చింది. ఏదో పెద్ద సభ. తండా ఆడవాళ్లను ఇరవై మందిని తీసుకురమ్మన్నారు. అద్దాల లంగాలు, తెల్ల గాజులు, వెండి సొమ్ములు తప్పకుండా వేసుకోవాలన్నారు. బస్సు పంపుతాం, మధ్యాహ్నం భోజనం పెడతాం, ముఖ్య అతిథి కారు దిగేటప్పుడు గేటు దగ్గర రెండు వరుసల్లో నిలబడి ఆడితే చాలన్నారు. మేం సరేనన్నాం. ఒక్క మాట మాత్రం అడిగాం. మా పిల్లలు ఒక నాటిక రాసుకున్నారు, ఇరవై నిమిషాలది, వేదిక మీద వేయనిస్తారా అని. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "నాటికలు ఎందుకండీ, టైం సరిపోదు. మీవాళ్లు డాన్సు బాగా చేస్తారు కదా, అది చాలు" అన్నారు.

మేం వెళ్లాం. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. కారు వచ్చింది, ఆడాం. ఫొటోలు దిగారు. మాలో పెద్దామెకు శాలువా కప్పారు. లోపల సభలో గిరిజనుల గురించి ఏడుగురు మాట్లాడారు. ఆ ఏడుగురిలో మనవాడు ఒక్కడు లేడు. తిరిగి బౌరంపేట్ చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. బస్సులో మా చెల్లెలొకామె కాళ్లు పిసుక్కుంటూ అడిగింది: "అన్నా, మనం ఎప్పుడు మాట్లాడుతం?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాసిన వ్యాసం ఇది.

ముందు మేం ఎక్కడ ఉన్నామో చెప్పాలి. బౌరంపేట్ హైదరాబాద్‌కు ఉత్తరపు అంచు. ఒక పక్క దుండిగల్ విమానదళ అకాడమీ, మరో పక్క ఔటర్ రింగ్ రోడ్డు. మధ్యలో నిన్నటిదాకా జొన్న చేలు, ఇప్పుడు విల్లాలు. ఆ విల్లాలకు ఇటుక మోసింది, సిమెంటు కలిపింది, ఇప్పుడు వాటి గేట్ల దగ్గర కాపలా ఉన్నది, లోపల గిన్నెలు కడుగుతున్నది మేం. దేవరకొండ, అచ్చంపేట, మహబూబాబాద్ వైపు తండాల నుంచి పనికోసం వచ్చినవాళ్లం. మాలో లంబాడీలు ఎక్కువ. ఎరుకల కుటుంబాలు కొన్ని ఉన్నాయి. చదువుకోవడానికి వచ్చిన కోయ, గోండు పిల్లలు కొందరున్నారు. జాబితాల గురించి మన జాతుల మధ్య తగువు ఉందని మాకు తెలుసు. ఆ తగువు ఇక్కడ ఎత్తడం లేదు. ఈ ఒక్క విషయంలో మనందరి గతి ఒకటే.

మా పక్క ఊరి పేరు దొమ్మర పోచంపల్లి. ఇప్పుడు చాలా బోర్డుల మీద 'డి. పోచంపల్లి' అని ఉంటుంది. గడ మీద, తాడు మీద ఆటాడి బతికిన జాతి పేరు ఒక్క అక్షరమై, పక్కన చుక్కై మిగిలింది. ఆ బోర్డు కింద నుంచి మేం రోజూ పనికి వెళ్తాం. ఆటగాళ్లకు ఈ లోకం ఏం మిగులుస్తుందో చూడాలంటే ఆ చుక్కను చూస్తే చాలు.

ఆట మీద మాకు కోపం లేదు. మార్లవాయి కనకరాజు తాత 1981లో ఇందిరాగాంధీ ముందు ఢిల్లీలో గుస్సాడీ ఆడాడు. నలభై ఏళ్ల తర్వాత, 2021లో, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకు 2022లో వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను డోలి మీద పాడగలిగిన మనిషి ఆయన. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ ఇద్దరినీ చూసి మేం గర్వపడ్డాం, ఇప్పుడూ పడతాం. కానీ అడగవలసింది అడగాలి. గుస్సాడీ టోపీ ఫొటో గోడలకు ఎక్కింది. ఆ ఆట వెనక ఉన్న కథ ఏ పిల్లవాడి పాఠంలోకి ఎంత వచ్చింది? 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమాలో కుమ్రం భీం దేశమంతా తిరిగాడు. ఆ సినిమాలో భీం పలికిన మాటలు జోడేఘాట్‌లో పుట్టినవాళ్లు రాసినవి కావు. మన వీరుడు, మన వేషం, మన డోలు. మాట మాత్రం వేరేవాళ్లది.

ఒళ్లు మనది, నోరు వాళ్లది. ఇదే ఇంతకాలం నడిచిన ఒప్పందం. ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం.

ఆ రాత్రి తర్వాత మేం ఒక పని పెట్టుకున్నాం. లోకంలో మనలాంటివాళ్లు, అంటే బతుకుతెరువుకు ఊరు విడిచినవాళ్లు, ఇంట్లో ఒక భాష బజారులో ఒక భాష మాట్లాడేవాళ్లు, నాటకాలు ఎలా రాశారో వెతికి చదవడం. అలా దొరికిన మనిషి మరియా ఐరీన్ ఫోర్నెస్. లాటిన్ అమెరికా దేశాల నుంచి అమెరికాకు వచ్చి బతికే కుటుంబాల ఆడవాళ్లను అక్కడ లాటినా అంటారు. ఎక్కువమందికి ఇంటి భాష స్పానిష్. పొలాల్లో పండ్లు కోసే చేతుల్లో, హోటళ్లలో గదులు ఊడ్చే చేతుల్లో వాళ్లవి చాలా ఉన్నాయి. పండగ వస్తే వాళ్ల డాన్సు కావాలి, వాళ్ల పాట కావాలి. రంగస్థలం మీద వాళ్ల మాట మాత్రం చాలాకాలం అక్కర్లేకపోయింది. ఇది వినగానే మాకు కథ తెలిసినట్టే అనిపించింది.

ఫోర్నెస్ 1930 మే 14న క్యూబా రాజధాని హవానాలో పుట్టింది. బడి చదువు కొద్దిగానే. తండ్రి చనిపోయాక, 1945లో, తల్లితో, అక్కతో న్యూయార్క్ వచ్చింది. అప్పుడామెకు పదిహేనేళ్లు. ఇంగ్లిష్ రాదు. చెప్పుల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పని చేస్తూ భాష నేర్చుకుంది. తర్వాత బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1954లో బొమ్మల కోసమే యూరప్ వెళ్లింది. పారిస్‌లో శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఫ్రెంచిలో ఆడుతుంటే చూసింది. ఆమెకు ఫ్రెంచి రాదు. అయినా ఆ ఆట ఆమెను కుదిపేసింది. భాష రాని మనిషిని కూడా నాటకం పట్టుకోగలదని ఆ రాత్రి ఆమెకు తెలిసింది. మన అవ్వలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. రాని భాషలో ఆడిన వీధి భాగోతాలు తెల్లవార్లూ కూర్చుని చూసినవాళ్లే వాళ్లు.

1957లో న్యూయార్క్ తిరిగొచ్చి బట్టల మీద డిజైన్లు గీసే పని చేసింది. 1961లో ఒక సాయంత్రం. అప్పుడామె సూజన్ సోంటాగ్‌తో కలిసి ఉంటోంది. తర్వాత ప్రపంచమంతా పేరు పొందిన రచయిత్రి సోంటాగ్. నవల మొదలుపెట్టలేకపోతున్నానని ఆమె బాధపడుతుంటే, దానికి ఇంత బాధ ఎందుకు, కూర్చుని రాయి, తోడుగా నేనూ రాస్తానంది ఫోర్నెస్. కూర్చుంది. ఏం రాయాలో తెలియదు. పక్కన వంటల పుస్తకం ఉంది. దాన్ని తెరిచి, ఒక పేజీలో వాక్యాల మొదటి మాటలు తీసుకుని వాటితో కథ అల్లడం మొదలుపెట్టింది.

మళ్లీ చెప్తున్నాం, వంటల పుస్తకం. పెద్ద గ్రంథాలయం కాదు. పట్టా కాదు. గురువుగారి ఆశీర్వాదం కాదు. కూర్చోవడానికి ఒక బల్ల, పక్కన ఒక తోడు, చేతికి అందిన పుస్తకం.

ఆమె తొలి నాటకం 'లా వియుదా', అంటే విధవరాలు. ఇంట్లో దాచిన పాత ఉత్తరాల నుంచి పుట్టింది. దాన్ని తన ఇంటి భాషలో, స్పానిష్‌లో రాసింది. ఆఖరి నాటకం 'లెటర్స్ ఫ్రమ్ క్యూబా' 2000లో వచ్చింది. క్యూబాలో ఉండిపోయిన అన్న రాసిన ఉత్తరాల నుంచి పుట్టింది అది. మొదట్లో ఇంటి ఉత్తరాలు, చివర్లో ఇంటి ఉత్తరాలు. మధ్యలో నలభై ఏళ్లు, నలభైకి పైగా నాటకాలు. చాలావాటిని తనే దర్శకత్వం చేసింది. బ్రాడ్వే అనే పెద్ద థియేటర్ల వీధికి బయట ఆడే నాటకాలకు ఇచ్చే ఒబీ అవార్డులు తొమ్మిది వచ్చాయి. బ్రాడ్వే మాత్రం ఆమెను లోపలికి రానివ్వలేదు. 1966లో 'ది ఆఫీస్' అనే ఆమె నాటకం అక్కడ మొదలుకాకముందే, ముందస్తు ప్రదర్శనల దగ్గరే ఆగిపోయింది. ఆమె గేటు దగ్గర ఏడుస్తూ కూర్చోలేదు. చిన్న హాళ్లలో, చర్చి గదుల్లో, దొరికిన చోటల్లా వేసింది.

ఆమె నాటకాల్లో ఒకదాని గురించి మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. పేరు 'మడ్', అంటే బురద. 1983 నాటిది. మే అనే పేద స్త్రీ. పొద్దంతా ఇస్త్రీ పని. ఆ పని మధ్యలోనే బడికి వెళ్లి చదవడం నేర్చుకుంటూ ఉంటుంది. ఇంట్లో లాయిడ్ అనే మగమనిషి, జబ్బుతో ఉన్నాడు, చదువు రాదు. ఆమె చదువు అతనికి కంట్లో నలుసు. నాలుగు అక్షరాలు వచ్చిన హెన్రీ అనే ఆయన్ని మే ఇంటికి తెచ్చుకుంటుంది, అతని మాటలు విని తనూ ఎదుగుతానని. కొన్నాళ్లకు అతనూ పక్షవాతంతో పడిపోతాడు. ఇద్దరి బరువూ ఆమె మీదే పడుతుంది. చివరికి ఇంక నావల్ల కాదని గడప దాటుతుంది. లాయిడ్ తుపాకీతో వెంటపడి కాల్చి, ఆమెను మళ్లీ అదే ఇంట్లోకి మోసుకొస్తాడు.

ఈ కథ మా గదిలో చదివినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదో తరగతి తర్వాత ఇంటికి పిలిపించి పెళ్లి చేసిన అక్కలు మాకందరికీ ఉన్నారు. గడప దాటి, తిరిగి మోసుకురాబడినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కడో అమెరికాలో క్యూబా మనిషి రాసిన బురద మా తండా వాకిట్లో బురదే. తేడా ఒక్కటే. ఆమె రాసింది. మనం రాయలేదు.

ఎందుకు రాయలేదు అంటే నాలుగు జవాబులు వినిపిస్తాయి. నాలుగింటినీ ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది బడిలో వినిపిస్తుంది. "ముందు తెలుగు సరిగ్గా రాయడం నేర్చుకోండి, తర్వాత నాటకాలు." ఈ మాట అనేవాళ్లలో మన గిరిజన ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. అందుకే వాళ్లతోనే గట్టిగా మాట్లాడాలి. అయ్యా, అమ్మా, తెలుగు నాటకం ఎలా నిలబడిందో తరగతిలో చెప్పేది మీరే కదా. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ఆడారు, 1897లో అచ్చువేశారు. పండితుల గ్రాంథికాన్ని పక్కనపెట్టి ఇళ్లలో, వీధుల్లో మనుషులు మాట్లాడే భాషను వేదిక ఎక్కించినందుకే కదా దానికి అంత గౌరవం. విజయనగరం వీధి భాష వేదిక ఎక్కితే గొప్ప సంస్కరణ. దేవరకొండ తండా భాష ఎక్కితే అక్షర దోషమా? లంబాడీ భాషకు సొంత లిపి లేదంటారు. తెలుగు లిపిలో రాస్తే ఎవరైనా పట్టుకెళ్తారా? గోండీకి లిపి లేదనేవాళ్లు చాలాకాలం. ఆదిలాబాద్ గుంజాలలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. లేదన్నది నిజానికి మనం చూడనిది. ఫోర్నెస్ పదిహేనేళ్ల తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్‌లో రాసింది. ఆమె పాత్రలు చిన్న చిన్న వాక్యాల్లో, ఒక్కో మాటా తూకం వేసినట్టు మాట్లాడతాయి. పరాయి భాషలోకి నడిచొచ్చిన మనిషికి ప్రతి మాటా కొత్తగా వినిపిస్తుంది. అది ఆమెకు బలమైంది. మన పిల్లల చేతుల్లో అదే బలం ఉంటే మనం ఎర్ర సిరాతో గీతలు పెడుతున్నాం.

రెండో జవాబు సభల్లో వినిపిస్తుంది. "మీది నాట్యం, నాటకం మీ సంప్రదాయంలో లేదు." ఇది వినీ వినీ మనమే నమ్మేశాం. మన పెళ్లిలో అత్తారింటికి వెళ్లే పిల్ల పాడే ఢావ్లో ఏమిటి? తల్లిని, తండ్రిని, అన్నలను, పుట్టిన తండాను ఒక్కొక్కరినే పిలిచి, మెడ పట్టుకుని, రాగం తీసి ఏడుస్తూ చెప్పే మాటలవి. ఒక పాత్ర అందరి ముందు నిలబడి తన గుండె విప్పితే నాటకంలో దాన్ని ఏమంటారు? డోలి కళాకారులు ఇలవేల్పుల పడిగెను విప్పి, బొమ్మబొమ్మకూ కథ చెప్తారు. అది రంగస్థలం కాక మరేమిటి? దండారిలో గుస్సాడీలు ఒక్కరే లేరు, ఆడవేషం కట్టే పోరికులు కూడా ఉన్నారు. ఎరుకల అవ్వ బుట్ట పట్టుకుని సోది చెప్తూ ఒక్క గొంతులో ముగ్గురి మాటలు పలికిస్తుంది. మనకు నాటకం ఉంది. రాసిన కాగితం లేదు, అంతే.

మూడో జవాబు మంచివాళ్ల నుంచి వస్తుంది. అందుకే దానితో ప్రమాదం ఎక్కువ. "రాయండి, తప్పకుండా రాయండి. మీ కష్టాలు రాయండి, మీ పోరాటాలు రాయండి." రాస్తాం. కానీ అవే రాయాలని మీరెలా చెప్తారు? ఫోర్నెస్‌కూ ఇదే ఎదురైంది. ఆమె నాటకాలు చాలావాటిలో క్యూబా మనుషులు లేరు, అందుకని ఈమె లాటినా రచయిత్రి ఎలా అవుతుందన్నవాళ్లున్నారు. 1977లో వచ్చిన 'ఫెఫు అండ్ హర్ ఫ్రెండ్స్' నాటకంలో 1935 నాటి అమెరికా ఇంట్లో ఎనిమిది మంది ఆడవాళ్లు కలుసుకుంటారు. నాటకం మధ్యలో ప్రేక్షకులను నాలుగు గుంపులు చేస్తారు. ఒక గుంపు వంటింట్లోకి, ఒకటి పడకగదిలోకి, ఒకటి చదువుకునే గదిలోకి, ఒకటి పచ్చిక మీదికి వెళ్తుంది. ఒకే సమయంలో నాలుగు చోట్లా ఆట నడుస్తుంది. గుంపులు చోటు మారుతుంటే నటులు అదే సన్నివేశాన్ని నాలుగుసార్లు ఆడతారు. ఇలా చేయమని ఆమెకు ఏ సంప్రదాయమూ చెప్పలేదు. తనకు కావాలనిపించింది, చేసింది. ఆ స్వేచ్ఛ మనకూ కావాలి. మన పిల్ల విల్లాలో ఉండే డాక్టరమ్మ గురించి రాయవచ్చు. చంద్రుడి మీద నడిచే మనిషి గురించి రాయవచ్చు. నవ్వించవచ్చు. మీ జాలికి సరిపడా ఏడిస్తేనే మమ్మల్ని రచయితలనడం కూడా డాన్సు ఆడమనడం లాంటిదే.

నాలుగో జవాబు మన ఇంటిది. "నాటకం కూడు పెడుతుందా? గ్రూప్ పరీక్షలకు చదువుకో." ఇది చెప్పే అమ్మానాన్నల మీద మాకు కోపం లేదు. పెట్టదనే చెప్తాం. ఫోర్నెస్‌కూ పెద్దగా పెట్టలేదు. 1990లో పులిట్జర్ బహుమతికి చివరి జాబితా దాకా వచ్చింది, బహుమతి రాలేదు. ముసలితనంలో మతిమరుపు జబ్బు పట్టి, 2018 అక్టోబర్ 30న న్యూయార్క్‌లో చనిపోయింది. కాబట్టి ఉద్యోగం మానేసి నాటకాలు రాయమని మేం ఎవరికీ చెప్పం. ఉద్యోగం చేయండి, పరీక్షలు రాయండి. కానీ మన గురించి రాసిన ప్రతి ఫైలూ, ప్రతి పాఠమూ, ప్రతి సినిమా వేరేవాళ్ల చేతిలో ఉన్నంతకాలం ఆ ఉద్యోగంలో కూడా మనం గేటు దగ్గరే ఉంటాం. కూడు ఒకటి, నోరు ఒకటి. నోరు తిండికి మాత్రమే ఇవ్వలేదు కదా.

ఇక అసలు మాట. ఫోర్నెస్ అవార్డుల కన్నా, నాటకాల కన్నా, ఆమె చేసిన ఒక పని మనకు ముఖ్యం. న్యూయార్క్‌లో ఇంటార్ అనే లాటినో థియేటర్ ఉంది. 1966లో మొదలైంది. అక్కడ 1981లో ఆమె నాటక రచయితల కోసం ఒక ప్రయోగశాల తెరిచింది. పదేళ్లకు పైగా నడిపింది. పేరు పెద్దదే కానీ జరిగింది ఇంతే. ఒక గది. కొందరు యువకులు, యువతులు. ముందు ఒళ్లు సాగదీసే కసరత్తు. తర్వాత కళ్లు మూసుకుని ఒక మనిషిని, ఒక చోటును మనసులో చూడటం. చూసింది బొమ్మ గీయడం. తర్వాత నిశ్శబ్దంగా కూర్చుని రాయడం. ఎలా రాయాలో ఉపన్యాసాలు లేవు. ఆమె కూడా వాళ్లతో కూర్చుని రాసేది.

ఆ గది నుంచి వచ్చినవాళ్లను చూడండి. షెర్రీ మొరాగా, తర్వాత పురుగుమందుల విషం పొలం కూలీల పిల్లలను ఏం చేసిందో నాటకం రాసింది. పత్తి చేలలో మందు కొట్టిన మన తండాల్లో ఆ నాటకం అర్థం కాని ఇల్లుండదు. నీలో క్రూజ్ 2003లో పులిట్జర్ గెలిచాడు. నాటకానికి ఆ బహుమతి గెలిచిన తొలి లాటినో అతనే. ఆ నాటకం పేరు 'అన్నా ఇన్ ద ట్రాపిక్స్'. చుట్టలు చుట్టే ఫ్యాక్టరీలో కూలీలు పని చేస్తుంటే ఒకాయన వాళ్లకు నవల చదివి వినిపిస్తుంటాడు, ఆ నవల వాళ్ల బతుకుల్లోకి దిగుతుంది. గురువుకు అందని బహుమతి శిష్యుడికి అందింది. గది లేకపోతే అందేది కాదు.

ఇది అమెరికాలోనే జరుగుతుందనుకోకండి. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. లంబాడీల మీద, ఎరుకల మీద ఆ ముద్ర పడింది. మన తాతలు పోలీసు పటేలు దగ్గర హాజరు వేయించుకున్నారు. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. అదే ముద్ర పడ్డ ఛారా జాతి అహ్మదాబాద్‌లో ఛారానగర్ అనే వాడలో ఉంది. అక్కడ 1998లో మహాశ్వేతా దేవి, గణేశ్ దేవి చొరవతో ఒక చిన్న గ్రంథాలయం తెరిచారు. ఆ గదిలో కూడిన పిల్లలు అదే ఏడాది ఒక నాటకం కట్టారు. పశ్చిమ బెంగాల్‌లో పోలీసుల నిర్బంధంలో చనిపోయిన బుధన్ శబర్ అనే మనిషి కథ అది. అలా పుట్టిన బుధన్ థియేటర్ తర్వాత ఎన్నో నాటకాలు వేసింది. వాడను చూసి దొంగలన్నవాళ్లే వాళ్ల నాటకం చూడటానికి వాడలోకి వచ్చారు. మన తెలుగులోనే దళిత రచయిత్రి ఎం.ఎం. వినోదిని కులం మీద, నీళ్ల మీద 'దాహం' నాటకం రాసింది. వాడ నుంచి నాటకం వచ్చింది. తండా నుంచి, గూడెం నుంచి రావడానికి అడ్డం ఏమిటి?

మనం వేదిక అడుగుతూ వచ్చాం. పది నిమిషాలు ఇవ్వండి, అయిదు నిమిషాలు ఇవ్వండి అని. వేదిక వాళ్లది. ఇస్తారు, తీసుకుంటారు. మనం అడగవలసింది గది.

బౌరంపేట్‌లో మాకొక గది ఉంది. రేకుల గది. అద్దె అందరం వేసుకుంటాం. ఆదివారం సాయంత్రం రెండు గంటలు. మొదటి నాలుగు వారాలు ఎవరూ ఏమీ రాయలేదు, ఫోన్లు చూసుకున్నాం. అయిదో వారం ఫోర్నెస్ చేసినట్టు కళ్లు మూసుకున్నాం. విల్లాల్లో పనిచేసే మా చెల్లెలు, బస్సులో ఆ ప్రశ్న అడిగిన పిల్లే, ఒక పేజీ రాసింది. తెలుగు అక్షరాల్లో లంబాడీ. గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంటుంది. కాపలా మనిషి రిజిస్టరు చూపించి పేరు, టైము, ఏ ఇల్లు, ఏం పని అని అడుగుతాడు. పిల్ల అన్నీ చెప్తుంది. చివరగా, ఈ ఇంటికి ఇంతకుముందు వచ్చావా అని అడుగుతాడు. వచ్చాను అంటుంది పిల్ల. ఎప్పుడు? "మా యాడి ఈ గోడ కడుతున్నప్పుడు. నేను ఇసుక కుప్ప మీద నిద్రపోయిన." కాపలా మనిషి రిజిస్టరులో అది రాయడానికి గడి వెతుకుతుంటాడు. ఉండదు.

చదవడం అయ్యాక మా మధ్య కాపలా పని చేసే అన్న ఒకాయన లేచి, "నేను ఆ రిజిస్టరు రోజూ రాస్తా, ఆ గడి నిజంగానే లేదు" అన్నాడు. ఆ వారమే ఆయన రాయడం మొదలుపెట్టాడు. అలా మొదలైన పేజీలతోనే ఒక నాటిక తయారైంది.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ చేతిలో ఇంతకన్నా మంచి గదులున్నాయి. ప్రతి గురుకులంలో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం ఖాళీగా ఉండే తరగతి గది ఒకటైనా ఉంటుంది. వారానికి ఒక్క గంట ఇవ్వండి. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో రాయనివ్వండి. ఆ గంటలో ఎర్ర కలం జేబులోంచి తీయకండి. మీరూ వాళ్ల పక్కన కూర్చుని రాయండి. వార్షికోత్సవంలో సినిమా పాటకు స్టెప్పులు నేర్పడానికి నెల రోజులు దొరుకుతున్నాయి కదా, అందులో నాలుగు గంటలు దీనికి తీయండి. పిల్లలు రాసింది వాళ్ల అమ్మానాన్నల ముందే ఆడించండి. అర్థం కాలేదని ఏ అధికారైనా అంటే, మాకు మీ సభలు ఇన్నేళ్లు అర్థం కాకపోయినా కూర్చున్నామని చెప్పండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక్క మాట. ఎవరైనా పిలుస్తారని చూడకండి. మీ అవ్వ ఢావ్లోను ఈ పండక్కి వెళ్లినప్పుడు కాగితం మీద రాసుకోండి. ట్రంకు పెట్టెలో పాత ఉత్తరాలు, రేషన్ కార్డులు, కూలీ చీటీలు ఉంటాయి, తీసి చూడండి. ఇద్దరు దొరికితే చాలు. ఒకరు రాయలేనంటే ఇంకొకరు తోడు కూర్చోండి. ఏమీ తోచకపోతే వంటల పుస్తకమైనా తెరవండి. మన ఇళ్లలో అది ఉండదంటారా, అమ్మ బాటీ చేస్తూ చెప్పే మాటలు రాసుకోండి.

మొన్న మళ్లీ ఫోన్ వచ్చింది. మళ్లీ ఒక సభ, మళ్లీ ఇరవై మంది, మళ్లీ అద్దాల లంగాలు. వస్తామన్నాం. ఆడతామన్నాం. ఆట తర్వాత ఇరవై నిమిషాలు మావి, లేకపోతే బస్సు పంపొద్దన్నాం. చూసి చెప్తామని పెట్టేశారు. బస్సు వస్తుందో రాదో తెలియదు. ఆదివారం మాత్రం గది తెరిచే ఉంటుంది.